తడిసిన కార్డుకు వెల కట్టేదెవరు? ఇంటి బీమాలో సేకరణకర్తల చిక్కు

పోకెమాన్ ఆట కార్డు పొడవు 88 మిల్లీమీటర్లు, వెడల్పు 63 మిల్లీమీటర్లు. ప్యాకెట్ విప్పిన రోజు ఆ అట్టముక్క ఖరీదు కొన్ని పదుల రూపాయలు. అందులో అరుదైన ముద్రణ ఒకటి చేతికి చిక్కి, అంచులు అరగకుండా, మూలలు నలగకుండా ఇరవై ఏళ్లు నిలిస్తే అదే కార్డు వేలల్లో, కొన్ని సందర్భాల్లో లక్షల్లో పలుకుతుంది. ఆ కార్డు దాచిన అల్మారాలోకి ఒక రాత్రి వాన నీరు చేరిందనుకుందాం. బీమా సంస్థ లెక్కలోకి తీసుకోవలసింది అట్టముక్క ఖరీదునా, అరుదైన వస్తువు ఖరీదునా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి కాలనీలో కూర్చుని ఆలోచిస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. పండరీ బట్టల బజారుకు ఆనుకుని ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు కలగలిసిన ప్రాంతమిది. వర్షాకాలంలో నగరంలోని పల్లపు వీధుల్లో నీరు నిలవడం ఏటా వినిపించే వార్తే. రైల్వే ఉద్యోగాల కోసం, పక్కనున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో పని కోసం ఒకప్పుడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఉన్నాయి. వారి రెండో తరం, మూడో తరం పిల్లలకు క్రికెట్ కార్డులు, పోకెమాన్ కార్డులు కాలక్షేపంగా మొదలై ఇప్పుడు ఆస్తి అనిపించుకునే స్థాయికి చేరాయి. బబుల్‌గమ్ ప్యాకెట్లతో వచ్చిన క్రికెట్ బొమ్మలను కొబ్బరి పీచులా చిక్కుపడిన దారాల డబ్బాలో దాచుకున్న తరానికి ఇది వింతగా తోచవచ్చు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఎవరి దగ్గరైనా చెక్కుచెదరకుండా ఉంటే, వాటికీ కొనేవారు ఉన్నారు.

పాలసీ పత్రాన్ని నిదానంగా చదివితే ఇటువంటి సేకరణలకు బీమా తలుపు మూసుకుపోలేదని అర్థమవుతుంది. చిక్కంతా ధర దగ్గరే ఉంది. నీరు రాకముందు ఆ ధరపై రెండు పక్షాలకూ రాతపూర్వక అంగీకారం కుదరకపోతే, నీరు వచ్చిన తరువాత కుదరడం చాలా కష్టం. ఆ సంగతి పాలసీ అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.

పాలసీ పత్రంలో ఏముంది?

దేశంలో అగ్ని ప్రమాద బీమా వ్యాపారం చేసే సాధారణ బీమా సంస్థలన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ల కోసం ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని అందిస్తున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) దీన్ని రూపొందించింది. ఏ సంస్థ దగ్గర కొన్నా మూల వాక్యాలు ఒకటే. అందువల్ల దేవేంద్ర నగర్‌లోని ఇంటికి వర్తించే మాటే విజయవాడలోని ఇంటికీ వర్తిస్తుంది.

ఈ పాలసీలో ఒక వెసులుబాటు చాలామందికి తెలియదు. ఇంటి కట్టడానికి బీమా చేయిస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంట్లోని సాధారణ సామగ్రికి కూడా రక్షణ దానంతట అదే లభిస్తుంది. కట్టడానికి 40 లక్షల రూపాయల బీమా ఉంటే సామగ్రికి 8 లక్షల రక్షణ ఉన్నట్టే; దీనికి వస్తువుల జాబితా ఇవ్వనవసరం లేదు. అద్దె ఇంట్లో ఉండేవారు కట్టడంతో నిమిత్తం లేకుండా సామగ్రికి మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

సాధారణ సామగ్రి అంటే ఏమిటో పాలసీయే చెబుతుంది. కుర్చీలు, బల్లలు, విద్యుత్తు పరికరాలు, వంటింటి సామాను, దుస్తులు, ఆ కోవకు చెందిన ఇతర వస్తువులు ఇందులోకి వస్తాయి. నగలు, వెండి సామాను, చిత్రపటాలు, కళాకృతులు, ఖరీదైన తివాచీలు, పురాతన వస్తువులు, క్యూరియోలు అంటే అరుదైన వింత వస్తువులు ‘విలువైన సామగ్రి’ కిందికి వస్తాయి. ఈ రెండో తరగతికి అదనపు ప్రీమియం చెల్లించి విడిగా రక్షణ కోరాలి. అక్కడ బీమా మొత్తం ‘అంగీకృత విలువ’ పద్ధతిలో నిర్ణయమవుతుంది. వస్తువు పూర్తిగా నష్టమైతే ఎంత చెల్లించాలో ముందే రాసుకుంటారన్నమాట.

మరి ట్రేడింగ్ కార్డు ఏ తరగతి? రెండు జాబితాల్లోనూ దాని పేరు లేదు. చదివే కళ్లను బట్టి అది ఆటవస్తువు కావచ్చు, అరుదైన వింత వస్తువూ కావచ్చు. పాలసీదారు రెండో అర్థం కోరుకుంటారు. కానీ విడిగా రక్షణ తీసుకోకుండా ఆ అర్థాన్ని పట్టుకుంటే అసలుకే మోసం వస్తుంది. ‘అది విలువైన సామగ్రి అని మీరే అంటున్నారు, దానికి మీరు ప్రీమియం కట్టలేదు కదా’ అని సంస్థ తిప్పికొట్టగలదు. సాధారణ సామగ్రి అని ఒప్పుకుంటే, ఆటవస్తువు ధర చేతిలో పెట్టి పంపే ప్రమాదం ఉంటుంది.

మినహాయింపుల జాబితా ఇంకా ఆసక్తికరమైనది. ముడి బంగారం, పొదగని రత్నాలు, చేతిరాత ప్రతులు, పటాలు, చిత్తు చిత్రాలు, సెక్యూరిటీలు, రుణపత్రాలు, ఏ రకమైన దస్తావేజులైనా, నాణేలు, కాగితపు డబ్బు, చెక్కులు వంటివాటికి పాలసీలో ప్రత్యేకంగా రాస్తే తప్ప పరిహారం ఉండదు. తాతగారు దాచిన హైదరాబాద్ సంస్థానం నాటి నోట్ల కట్ట తడిసి ముద్దయితే, అది పేరు పెట్టి మినహాయించిన వస్తువు. మనవడి పికాచూ కార్డుకు ఆ అడ్డంకి లేదు! చరిత్ర విలువను బట్టి చూస్తే ఇది తలకిందుల లెక్కే. అయితే బీమా రచయితలు చరిత్రను తూచడానికి ఆ జాబితా రాయలేదు. సులభంగా దాచగల, సులభంగా మార్చుకోగల, లెక్క తేల్చడం కష్టమైన వస్తువులను దూరం పెట్టడానికి రాశారు.

‘ఏ రకమైన దస్తావేజులైనా’ అన్న మాటలోకి కార్డును లాగే ప్రయత్నం జరగవచ్చు. కాగితం మీద అచ్చయిన ప్రతిదీ దస్తావేజే అన్న వాదన నిలవడం కష్టం. ఒక మాట అర్థాన్ని దాని పక్కనున్న మాటలను బట్టి గ్రహించాలన్నది న్యాయస్థానాలు పాటించే పాత సూత్రం. ఇక్కడ పక్కనున్నవి సెక్యూరిటీలు, రుణపత్రాలు. అంటే హక్కునో బాధ్యతనో మోసే కాగితాలు. ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు ఏ హక్కునూ మోయదు. క్రీడాకారుడి సంతకం ఉన్న కార్డును తరువాత పంపుతామని హామీ ఇచ్చే మార్పిడి కార్డులు కొన్ని ఉంటాయి. వాటి విషయంలో మాత్రం సంస్థ వాదనకు కొంత బలం ఉండవచ్చు.

నీరు ఏ దారిన వచ్చింది?

నీరు నీరే అయినా, పాలసీ దృష్టిలో అది వచ్చిన దారిని బట్టి ఫలితం మారుతుంది. తుపాను, వరద, జలమయం కావడం పాలసీ రక్షించే ప్రమాదాలు. నీటి ట్యాంకులు, గొట్టాలు పగిలి లేదా పొంగి జరిగే నష్టం కూడా అంతే. వరద అన్న మాటతో పాటు జలమయం కావడాన్ని విడిగా పేర్కొనడం గమనించదగినది. దగ్గరలో నది పొంగకపోయినా, మురుగు కాలువ ఎదురుతన్ని వీధి నీరు గడప దాటితే పాలసీదారు ఆ మాటను ఆధారం చేసుకోవచ్చు. ఖారున్ నదికి దూరంగా, నగరం నడుమ ఉన్న దేవేంద్ర నగర్ వంటి చోట ఇదే కీలకం.

శ్లాబు నుంచి నెలల తరబడి చెమ్మ దిగి కార్డుల ఆల్బమ్ బూజు పట్టడం వేరే కథ. అది హఠాత్తుగా జరిగిన సంఘటన కాదు కాబట్టి సంస్థలు దాన్ని అరుగుదల, నిర్వహణ లోపం కింద లెక్కగడతాయి. వాతావరణంలోని తేమ చేసే నష్టం కూడా ఇదే కోవలోకి వస్తుంది. రాయ్‌పూర్‌లో మే నెల పొడి ఎండ తరువాత జూన్ మధ్యలో నైరుతి రుతుపవనాలు ప్రవేశించగానే గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. మెరిసే రేకు పొర ఉన్న కార్డులు ఆ రోజుల్లో విల్లులా వంగిపోతాయి. మధ్యలోని కాగితం తేమను పీల్చి ఉబ్బుతుంది, పైనున్న రేకు ఉబ్బదు. ఆ తేడాయే వంపు. ఈ నష్టానికి ఏ ఇంటి పాలసీ నుంచీ పరిహారం ఆశించలేము.

నీరు వచ్చిన దారిని నిరూపించే బాధ్యత ఆచరణలో పాలసీదారు మీదే పడుతుంది. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉంది, వీధిలో నీరు ఎంతసేపు నిలిచింది, పక్కింటివారికీ నష్టం జరిగిందా, నగరపాలక సంస్థకు ఆ రోజు ఫిర్యాదు చేశారా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. క్లెయిమ్ నిలవడం, కూలడం వాటి మీదే ఆధారపడుతుంది.

సర్వేయర్ ఎదుట

నిర్దేశిత మొత్తం దాటిన నష్టాలను లైసెన్స్ పొందిన సర్వేయర్ అంచనా వేయాలన్నది 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ సారాంశం. సర్వేయర్లకు అగ్ని, మెరైన్, ఇంజినీరింగ్, మోటారు, పంటలు వంటి విభాగాల్లో లైసెన్స్ ఇస్తారు. సేకరణ వస్తువులకు విడిగా విభాగం లేదు. ప్రభుత్వం వద్ద నమోదయ్యే మదింపుదారుల వర్గాల్లో ఆభరణాలు, కళాకృతులు ఉన్నాయి; ఆట కార్డులు లేవు. కాబట్టి నిన్న పిండి మర నష్టాన్ని, మొన్న బట్టల గోదాము నష్టాన్ని లెక్కగట్టిన వ్యక్తే ఈ రోజు కార్డుల ఆల్బమ్ ముందు కూర్చుంటారు. ఇందులో ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. ఆయన చేతిలో కొలత లేదు.

కార్డుల లోకంలో కొలతలు ఉన్నాయి. అమెరికాలోని పీఎస్‌ఏ వంటి సంస్థలు కార్డును పరీక్షించి 1 నుంచి 10 వరకు శ్రేణి ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతాయి. 10 వచ్చిన కార్డుకూ 9 వచ్చిన కార్డుకూ మధ్య తేడా మామూలు కంటికి కనిపించదు, ధరలో మాత్రం అనేక రెట్లు ఉండవచ్చు. భారతీయ సేకరణకర్తలు కూడా తమ కార్డులను సముద్రాలు దాటించి ఈ శ్రేణి తెప్పించుకుంటున్నారు. ఆ ప్లాస్టిక్ పెట్టె గీతల నుంచి, వేలిముద్రల నుంచి కాపాడుతుంది. నీటిని ఆపదు. అతుకుల గుండా లోపలికి చేరిన చెమ్మ కార్డును పెట్టె గోడకు అంటించేస్తుంది.

అసలు వివాదం ఇక్కడే పుడుతుంది. కుర్చీ తడిస్తే బాగు చేయించవచ్చు. ఫ్రిజ్ పాడైతే కొత్తది కొనవచ్చు. పాలసీ వాక్యాలు ఆ రెండు మార్గాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే: మరమ్మతు ఖర్చు ఇవ్వడం, లేదా అదే రకం వస్తువును తెచ్చుకోవడానికయ్యే ఖర్చు ఇవ్వడం. తడిసిన కార్డు నాశనం కాలేదు. బొమ్మ కనిపిస్తుంది, పేరు చదవవచ్చు, ఆట కూడా ఆడవచ్చు. పోయింది దాని దశ, అంటే కొనేవాడు డబ్బు పెట్టేదే దానికి. నీరు తగలకముందు 60,000 రూపాయలు పలికే కార్డు ఇప్పుడు 6,000 పలుకుతుందనుకుందాం. వస్తువు మిగిలే ఉంది కాబట్టి నష్టం స్వల్పమని ఒకరు, అదే దశలో ఉన్న మరో కార్డు తెచ్చుకోవడానికి 60,000 అవుతుంది కాబట్టి, మిగిలిన దాని విలువ 6,000 తీసేసి 54,000 ఇవ్వాలని మరొకరు వాదిస్తారు. ‘అదే రకం వస్తువు’ అన్న మాటను నిజాయితీగా చదివితే రెండో వాదనే సబబు అనిపిస్తుంది. భౌతికంగా జరిగిన నష్టం వల్లే విలువ తగ్గింది. బజారులో ధరలు పడిపోవడం వల్ల కాదు. అయినా ఆ 60,000 అన్న అంకెను రుజువు చేసే కాగితం లేకపోతే వాదన ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు.

విడి కార్డుల సంగతి ఇలా ఉంటే, పూర్తి సెట్టు సంగతి మరీ చిక్కు. విలువైన వస్తువుల పాలసీల్లో తరచూ ఒక నియమం కనిపిస్తుంది: జతలోనో వరుసలోనో ఒకటి పాడైతే, ఆ ఒక్కదాని వంతు విలువే చెల్లిస్తారు, వరుస చెడిపోవడం వల్ల మిగతావాటికి తగ్గిన ధరను లెక్కలోకి తీసుకోరు. వంద కార్డుల వరుసలో మూడు తడిస్తే సేకరణకర్త దృష్టిలో ఆ వరుస పోయినట్టే. పాలసీ దృష్టిలో పోయినవి మూడే.

ముందే రాసుకున్న ధర

అంగీకృత విలువ పద్ధతి ఈ గొడవలో చాలా భాగాన్ని తీర్చేస్తుంది. దానికి మదింపు ధ్రువపత్రం కావాలన్నది సాధారణ నియమం. ఎవరు ఇస్తారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కానీ భారత్ గృహ రక్షలో ఒక మినహాయింపు ఉంది: విలువైన సామగ్రికి కోరిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకుండా, అందులో ఏ ఒక్క వస్తువు విలువా లక్ష రూపాయలు మించకుండా ఉంటే ధ్రువపత్రం అవసరం లేదు. భారతదేశంలో కార్డులు సేకరించేవారిలో అత్యధికుల సంపద ఈ హద్దు లోపలే ఉంటుందని అనుకోవచ్చు. అంటే వారికి కావలసింది వస్తువుల పేర్లు, శ్రేణి సంఖ్యలు, కొన్న రశీదులు, ముందు వెనుక తీసిన ఫొటోలు, ఇటీవలి అమ్మకాల ధరలు ఉన్న ఒక జాబితా. దాన్ని ప్రతిపాదన పత్రానికి జతచేసి, ‘క్యూరియోలు: ట్రేడింగ్ కార్డులు’ అని పాలసీ షెడ్యూలులో రాయించుకోవాలి. ఈ చివరి పని జరగకపోతే జాబితా ఇంట్లో ఉన్నా లేనట్టే.

ఏజెంటు ఒప్పుకోకపోవచ్చు. ఇలాంటివాటికి ఇవ్వము అని నోటిమాటగా అనవచ్చు. ఆ మాట రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది. మరో సంస్థను అడగడానికి అది పనికొస్తుంది. ధరలు వేగంగా మారే వస్తువులు కాబట్టి ఏటా పునరుద్ధరణ సమయంలో జాబితాను సవరించడమూ అవసరమే. 2020, 2021 సంవత్సరాల్లో మహమ్మారి కాలంలో కార్డుల ధరలు ఆకాశాన్నంటి, ఆ తరువాత చాలా రకాలకు పడిపోయాయి. ఆనాటి ధరతో ఈనాడు పాలసీ రాయించుకుంటే ప్రీమియం వృథా కావడమే కాక, సంస్థకు అనుమానం కలగడానికి కారణమవుతుంది.

అమెరికా అనుభవం

ఈ అభిరుచి పాతుకుపోయిన అమెరికాలో సేకరణకర్తకు పరిస్థితి మనకంటే మెరుగ్గా ఉంటుందని అనుకుంటాం. అక్కడి మామూలు ఇంటి పాలసీలు వరద నష్టాన్ని మినహాయిస్తాయి. వరదకు ఫెడరల్ ప్రభుత్వం 1968 నుంచి నడుపుతున్న జాతీయ వరద బీమా కార్యక్రమాన్ని ఆశ్రయించాలి. ఆ పాలసీలో ఇంటి సామగ్రికి లక్ష డాలర్ల వరకు రక్షణ తీసుకోవచ్చు. అయితే కళాకృతులు, సేకరణ వస్తువులు, జ్ఞాపికలు, అరుదైన పుస్తకాలు, నగలు వంటివన్నీ కలిపి ఒక వరదకు 2,500 డాలర్లకు మించి ఇవ్వరు. ఆ వాక్యంలో ‘స్పోర్ట్స్ కార్డులు’ అన్న మాట పేరు పెట్టి మరీ ఉంది. పురాతన వస్తువులకైతే వాడుక విలువే ఇస్తారు. అందువల్ల అక్కడి సేకరణకర్తలు ప్రైవేటు సంస్థల నుంచి విడిగా సేకరణ బీమా కొంటారు. మన పాలసీలో మాట అస్పష్టంగా ఉండటం ఒక ఇబ్బంది. అక్కడ స్పష్టంగా ఉండి చేయి కట్టేస్తోంది. అస్పష్టతే పాలసీదారుకు కాస్త చోటు ఇస్తుందన్నది ఇక్కడ గమనించవలసిన విశేషం.

నీటికీ కార్డుల ధరకూ ఉన్న సంబంధానికి అమెరికాలో ఒక విచిత్ర ఉదాహరణ ఉంది. టాప్స్ సంస్థ 1952లో ముద్రించిన బేస్‌బాల్ కార్డుల్లో చివరి విడత అమ్ముడుపోక గోదాములో పేరుకుపోయింది. ఆ కార్డులకు రూపకల్పన చేసిన సై బెర్గర్ 1960లో వాటిని పడవకెక్కించి న్యూజెర్సీ తీరానికి ఆవల అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారు. అప్పటి లెక్కలో అవి చెత్త. ఆ విడతలోనిదే మికీ మాంటిల్ బొమ్మ ఉన్న కార్డు; మిగిలిన ప్రతుల్లో మంచి దశలో ఉన్న ఒకటి 2022 ఆగస్టులో వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. ముద్రణ ఖర్చును బట్టి విలువ కడతానన్న సర్వేయర్‌కు చెప్పదగిన సమాధానం ఇందులో ఉంది.

విజయవాడ చూపినది

తెలుగు నేల మీద ఇంటి సామగ్రి బీమా గురించి ఇటీవల విస్తృతంగా చర్చ జరిగిన సందర్భం 2024 సెప్టెంబరు 1న విజయవాడను ముంచిన బుడమేరు వరద. సింగ్ నగర్, పరిసర ప్రాంతాల ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచింది. నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరు వరదల తరువాత హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయలు ఇచ్చింది.

ప్రభుత్వ సాయం అంతస్తును చూస్తుంది, కుటుంబాన్ని చూస్తుంది. అల్మారాలో ఏముందో చూడదు, చూడకూడదు కూడా. ఆకలి, నివాసం దాని మొదటి బాధ్యతలు. తపాలా బిళ్లల ఆల్బమ్, పాత పుస్తకాల బీరువా, గ్రామఫోన్ రికార్డుల పెట్టె, పెళ్లి ఫొటోలు, కార్డుల సంచిక వంటివాటికి విలువ కట్టగల వ్యవస్థ బీమా ఒక్కటే. విజయవాడలో వాహనాల క్లెయిములు పెద్ద సంఖ్యలో దాఖలయ్యాయి, ఎందుకంటే వాహనానికి పాలసీ తప్పనిసరి. ఇంటి సామగ్రికి ఆ నిర్బంధం లేదు. ఇంటి రుణంతో పాటు బ్యాంకు చేయించే పాలసీ కూడా ఎక్కువగా కట్టడం వరకే ఆలోచిస్తుంది.

తడిసిన తొలి రెండు రోజులు

కాగితం తడిసిన 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నష్టం తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, ఆపై 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలి. పెద్ద వరద వచ్చినప్పుడు ఈ గడువులు ఎంత చక్కగా పాటించినా బూజు వాటికంటే ముందుంటుంది. పాలసీదారుకు రెండు బాధ్యతలు ఎదురెదురుగా నిలుస్తాయి: నష్టం పెరగకుండా చూడాలి, సర్వేయర్ వచ్చేదాకా సాక్ష్యం చెరగకుండా చూడాలి.

ఉన్నవి ఉన్నట్టుగా ముందు ఫొటోలు, వీడియో తీసి, సంస్థకు ఈమెయిలులో సమాచారం ఇచ్చి, కార్డులను కాపాడే పని ఆరంభిస్తామని అదే ఉత్తరంలో తెలపడం ఒక దారి. తడిసిన కార్డులను ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు, ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగకూడదు. 1966 నవంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్ గ్రంథాలయాలు వరదలో మునిగిన తరువాత తడి కాగితాన్ని కాపాడే పరిజ్ఞానం ఎంతో పెరిగింది. వెంటనే ఆరబెట్టలేని కాగితాన్ని గడ్డకట్టించి బూజును ఆపడం అందులో ఒకటి. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ కూడా కొన్ని రోజుల వ్యవధి సంపాదించి పెట్టగలదు. పాడైన కార్డులను ఎంత నిరాశగా ఉన్నా పారేయకూడదు. అవి సంస్థకు సాల్వేజ్, పాలసీదారుకు సాక్ష్యం.

అదే సర్క్యులర్‌లో మరో మాట ఉంది: పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదు, కావలసిన పత్రాలను పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి. పదేళ్ల కిందట కొన్న కార్డుకు బిల్లు చూపమని అడిగే సంస్థకు ఈ వాక్యాన్ని గుర్తు చేయవచ్చు. అయితే విలువను ఏదో ఒక విధంగా నిలబెట్టవలసిన బాధ్యత దీనివల్ల తొలగిపోదు.

అభిరుచి వ్యాపారమైతే

ఇంట్లోంచే కార్డులు కొని అమ్మే యువకులు ఇప్పుడు తక్కువేమీ లేరు. అమ్మకానికి ఉంచిన సరుకు ఇంటి పాలసీలోకి రాదు. దానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ వంటి వ్యాపార పాలసీ కావాలి; అక్కడ సరుకును అమ్మకపు ధరకు కాక కొన్న ధరకు లెక్కగట్టడం మామూలు పద్ధతి. ఏది సొంత సేకరణ, ఏది సరుకు అన్న గీత ముందే గీసుకోకపోతే రెండు పాలసీల నడుమ జారిపడే ప్రమాదం ఉంది. కొరియర్లో తడిసిన కార్డుల విషయంలో ఆశ ఇంకా తక్కువ. రశీదు వెనుక చిన్న అక్షరాల్లో రాసిన పరిమిత బాధ్యతను సుప్రీంకోర్టు 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సమర్థించింది.

తిరస్కరిస్తే ఏ గుమ్మం ఎక్కాలి?

రెండు తీర్పులు పాలసీదారుకు అండగా ఉన్నాయి. సర్వేయర్ నివేదిక విలువైన ఆధారమే కానీ అదే చివరి మాట కాదని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 నవంబరులో టెక్స్‌కో మార్కెటింగ్ కేసు వచ్చింది. దుకాణం సెల్లారులో ఉందని చూసి తెలిసి కూడా సంస్థ పాలసీ అమ్మింది. అగ్నిప్రమాదం జరిగాక సెల్లారుకు వర్తించదన్న నిబంధన చూపింది. ఒప్పందం ప్రయోజనాన్నే దెబ్బతీసే అటువంటి మినహాయింపు చెల్లదని న్యాయస్థానం తేల్చింది. కార్డుల జాబితాను ప్రతిపాదన పత్రంతో పాటు అందుకుని, ప్రీమియం తీసుకుని, నష్టం జరిగాక ‘ఇవి ఆటవస్తువులు’ అనే సంస్థకు ఈ తీర్పు ఇబ్బందికరమే.

సంస్థ ఫిర్యాదు విభాగానికి రాసి నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తి కలిగించకపోతే, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. ఛత్తీస్‌గఢ్‌వాసులకు ఆ కార్యాలయం భోపాల్‌లో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలవారికి హైదరాబాద్‌లో ఉంది. ఆన్‌లైన్ విచారణకు వీలుండటంతో దూరం మునుపటంత అడ్డంకి కాదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలచుకుంటే రెండేళ్ల గడువు ఉంటుంది. 2019 చట్టం ప్రకారం ఏ స్థాయి కమిషన్ అన్నది క్లెయిము మొత్తాన్ని బట్టి కాక చెల్లించిన ప్రీమియాన్ని బట్టి నిర్ణయమవుతుంది కాబట్టి ఇంటి పాలసీ వివాదాలన్నీ దాదాపుగా జిల్లా కమిషన్‌లోనే మొదలవుతాయి. అప్పీలు వినే రాష్ట్ర కమిషన్ దేవేంద్ర నగర్ పక్కనే, పండరీలో ఉంది.

నియంత్రణ సంస్థ చేయగలిగింది కూడా ఒకటి ఉంది. ప్రామాణిక పాలసీలో ‘క్యూరియోలు’ అన్న మాట పక్కన తపాలా బిళ్లలు, శ్రేణి పొందిన కార్డులు, అరుదైన పుస్తకాలు వస్తాయో రావో ఒక వివరణ చేర్చడానికి చట్ట సవరణ అక్కరలేదు, సర్క్యులర్ చాలు. నాణేలు, కాగితపు డబ్బు చలామణిలో ఉన్నవా, సేకరణలోవా అన్న భేదాన్ని కూడా అక్కడే చెప్పవచ్చు. అంతవరకు ఆ పని పాలసీదారు తన షెడ్యూలులో తానే రాయించుకోవాలి. దానికి సరైన సమయం రాయ్‌పూర్‌లో మే నెల. వరద హెచ్చరిక వచ్చాక కొత్త పాలసీ అడిగితే సంస్థలు వెనుకాడతాయి.